దారిలో మనం దిగని ఊరు

ధర్మపురి అనగానే తెలుగువాళ్ల మనసు గోదావరి ఒడ్డుకు పోతుంది. నది రేవు, లక్ష్మీనరసింహస్వామి గుడి గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది ఇంకో ధర్మపురి సంగతి. హైదరాబాదు నుంచి కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా బెంగళూరు చేరి, హోసూరు, కృష్ణగిరి కూడా దాటాక, అదే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న తమిళనాడు ధర్మపురి ఇది. మధురకో రామేశ్వరానికో శబరిమలకో పోయే మా అనంతపురం బస్సులు ఆ ఊరి పక్కనుంచే పోతాయి. తెల్లవారుజామున ఎక్కడో టీ కోసం ఆపుతారు, ఎవరో ‘ఇది ధర్మపురి’ అంటారు, మళ్లీ దుప్పటి కప్పుకొని నిద్రపోతాం. నేనూ చాలా ఏళ్లు అట్లాగే పోయాను. ఒకసారి మాత్రం పనిగట్టుకొని దిగి మూడు రోజులు ఉన్నాను. ఈ ఊరి చరిత్రలో ఎన్నో పుటలు మన రాయలసీమలో ఉన్నాయని, మన చరిత్రలో కొన్ని పుటలు అక్కడ ఉన్నాయని ఆ మూడు రోజుల్లో నాకు తెలిసొచ్చింది.

అనంతపురం నుంచి పోయినవాడికి ఆ నేల కొత్తగా అనిపించదు. చుట్టూ బండరాళ్ల కొండలు, నడుమ మెట్ట చేలు, చింతచెట్లు, మామిడితోపులు. వానను నమ్ముకున్న సేద్యం. మొదటి రోజు మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో రాగి ‘కళి’ పెట్టారు. విస్తరిలో ముద్ద చూడగానే నవ్వొచ్చింది. అది మా సంగటే. పక్కన ఆకుకూర పులుసు. చెనక్కాయల ఊరిబిండి ఒక్కటే తక్కువ. నేను ఫోనులో ఇంటికి మాట్లాడుతుంటే వడ్డిస్తున్న పెద్దామె విని దగ్గరికొచ్చింది. ‘‘యా ఊరు నాయనా మీది?’’ అంది. ‘‘అనంతపురం అవ్వా’’ అన్నాను. ‘‘మా పెద్దోళ్లు ఆ పక్కనించే వచ్చిరంట. ఎప్పుడో ఏమో, నాకు తెల్దు’’ అంది. ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మనవలు తమిళంలో చదువుకుంటున్నారు, ఇంట్లో మాత్రం తెలుగే. ఆమె నోట వచ్చిన ‘యా’ మా పల్లెల్లో ఇప్పుడు మా పిల్లలే అనడం మానేసిన మాట. సరిహద్దు అవతల ఆ మాట ఇంకా బతికే ఉంది.

ధర్మపురి పాత పేరు తగడూరు. ఆ తగడూరును ఏలిన వంశం అదియమాన్‌లది. వాళ్ల ప్రస్తావన ఉన్న అతి పాత రాతల్లో ఒకటి మన కర్నూలు జిల్లాలోనే ఉంది. గుత్తికి దగ్గర్లో, జొన్నగిరి పక్కన, ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడి అవి లోకానికి తెలిశాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని అశోకుడు చెప్పుకున్న రెండో శాసనంలో తన రాజ్యానికి ఆవల ఉన్న పొరుగువారి పేర్లున్నాయి. చోళులు, పాండ్యులు, కేరళపుత్రుడు, వారితో పాటు సతియపుత్రుడు. మిగిలినవాళ్లెవరో అందరికీ తెలుసు. ఈ సతియపుత్రుడు ఎవరన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. పండితులు తలా ఒక ఊరు చెప్పారు. 1981లో తిరుక్కోవిలూరు దగ్గర జంబై అనే పల్లెలో, కొండ గుహలో ఒకే ఒక పంక్తి తమిళ బ్రాహ్మీ శాసనం దొరికింది. సతియపుత్రుడైన అదియన్ నెడుమాన్ అంజి ఆ గుహను మునుల నివాసంగా దానం చేశాడని దాని సారాంశం. దాంతో చిక్కు విడిపోయింది. అశోకుడు చోళ పాండ్యులతో సమానంగా పేరెత్తిన ఆ పొరుగు రాజులు ఈ తగడూరు కొండల వాళ్లు. ఎర్రగుడి బండ ముందు నిలబడి ఆ పేరు చూసే మనవాళ్లకు అది ఫలానా ఊరిదని ఎవరైనా చెప్తున్నారో లేదో గానీ, చెప్పాల్సిన సంగతే.

అంజి పేరు తమిళదేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఎక్కడో కొండకొమ్మున కాసే అరుదైన ఉసిరికాయ, తిన్నవాళ్లకు దీర్ఘాయువు ఇస్తుందట. అది అతని చేతికి వచ్చింది. తాను తినకుండా కవయిత్రి అవ్వయ్యార్‌కు ఇచ్చాడు. ఆమె అంజి దూతగా తొండైమాన్ అనే రాజు దగ్గరికి కూడా పోయింది. ఆ రాజు తన ఆయుధశాల చూపించి గొప్పలు పోతే, నూనె రాసి పూలదండలు వేసి దాచిన ఆ ఆయుధాలను మెచ్చుకుంటూనే, తన రాజు ఆయుధాలు మాత్రం మొనలు విరిగి కమ్మరి కొట్టంలో పడి ఉన్నాయని చెప్పి వచ్చింది. సీమలో మేము అమ్మ తల్లినీ నాన్న తల్లినీ అవ్వ అనే పిలుస్తాం. ‘అవ్వయ్యార్’ అన్న పేరు వింటే ఇంట్లో మనిషి పేరు విన్నట్టే ఉంటుంది. అంజి పూర్వులు చెరకును ఎక్కడినుంచో తెచ్చి ఈ నేలకు అలవాటు చేశారని కూడా సంగం కవిత్వం చెబుతుంది. ఇప్పుడు ఇదే జిల్లాలోని పాలక్కోడులో సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉంది. చివరికి చేర రాజు పెరుంజేరల్ ఇరుంపొఱై తగడూరును ముట్టడించి గెలిచాడు. ఆ యుద్ధం మీద ‘తగడూర్ యాత్తిరై’ అనే కావ్యమే పుట్టింది. ఆ కావ్యం పూర్తిగా దక్కలేదు, విడి పద్యాలు మాత్రం మిగిలాయి.

ఊళ్లో మ్యూజియంలో వీరగల్లులు వరుసగా నిలబెట్టారు. ధర్మపురి చుట్టుపక్కల పొలాల్లో, చెరువు గట్ల మీద ఇవి లెక్కకు మించి ఉన్నాయి. ఒక రాయి ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. ఎడమ చేతిలో విల్లు, కుడి చేతిలో కత్తి, నడుముకు బాకు, ఒంటి మీద గుచ్చుకున్న బాణాలు. కాళ్ల దగ్గర చిన్నగా ఆవులు. ఎవరో పొరుగువాళ్లు మందను తోలుకుపోతుంటే ఎదురు నిలిచి చచ్చిపోయిన మనిషి. రాజు కాడు, సామంతుడు కాడు, పశువుల కోసం ప్రాణమిచ్చిన పల్లెవాడు. ఇట్లాంటి రాళ్లు మా సీమ ఊళ్లలోనూ ఉన్నాయి. పసుపు రాసి, బొట్టు పెట్టి, పేరు మరిచిపోయి ‘వీరుడు’ అని దండం పెట్టుకుంటాం. బయట ఎండ మండిపోతున్నా ఆ మ్యూజియంలో చల్లగా ఉంది. మూడు గంటల్లో నేను తప్ప ఇంకెవరూ రాలేదు.

ఇక కోట గుడి. ఊరివాళ్లు ‘కోట్టై కోవిల్’ అంటారు. కోట పోయింది, పేరు మిగిలింది. లోపల ఉన్న దేవుడు మల్లికార్జునుడు, మన శ్రీశైలం మల్లన్న పేరే. అమ్మవారు కామాక్షి. కామాక్షి గుడి అడుగు పీఠం చుట్టూ ఏనుగులు, గుడినంతా మోస్తున్నట్టుగా. వాటి పైన రామాయణ కథ చిన్న చిన్న బొమ్మలుగా చెక్కి ఉంది. మండపంలో పూజారి ఒక పలచని గుడ్డ తెచ్చి ఒక స్తంభం కింద ఈ పక్కనుంచి ఆ పక్కకు లాగి చూపించాడు. స్తంభం నేలను ఆనదు, పైకప్పును పట్టుకొని వేలాడుతూ ఉంటుంది. ‘‘లేపాక్షి చూశారా?’’ అని నేను అడిగాను. చూడలేదన్నాడు. మా సీమలో ఇట్లాంటిదే ఉందంటే ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం లేపాక్షి కంటే ముందు ఇంకో ఊరు గుర్తొచ్చింది. అది హేమావతి.

శ్రీసత్యసాయి జిల్లా అమరాపురం మండలంలోని హేమావతి ఇప్పుడు చిన్న పల్లె. వెయ్యేళ్ల కింద అది హెంజేరు, నొళంబ పల్లవుల రాజధాని. వాళ్ల ఏలుబడిలోనే తగడూరు ఉండేది. 878, 893 నాటి మహేంద్ర నొళంబుడి కన్నడ శాసనాలు ధర్మపురిలో దొరికాయి. నిధియణ్ణ అనే వర్తకుడు ఈ ఊళ్లో జైన బసది కట్టించడం, దాని మరమ్మతుల కోసం రాజు దగ్గర మూలపల్లి అనే ఊరు పొంది దాన్ని ఆ బసదికి ధారపోయడం వాటిలో రెండోదానిలో ఉంది. తమిళ దేశపు ఊళ్లో, ఇప్పటి ఆంధ్రలోని రాజధాని నుంచి ఏలిన రాజు, కన్నడంలో రాయించిన, జైనుల దానం. భాషల పేరుతో గీతలు గీసుకునే ఈ రోజుల్లో ఆ శాసనం నాకు ఎంతో ధైర్యం ఇస్తుంది.

ఆ తర్వాత చోళులు వచ్చారు. రాజరాజు తన విజయాలు చెప్పుకున్న శాసనాల్లో వేంగినాడు, గంగపాడి, తడిగైపాడి, నొళంబపాడి ఒకే వరుసలో వస్తాయి. గోదావరి కృష్ణల నడుమ దేశమూ ఈ తగడూరు కొండలూ ఒకే పంక్తిలో పడ్డాయన్నమాట. గెలిచినవాళ్లు హేమావతి నుంచి నల్లరాతి స్తంభాలు కావేరి తీరానికి తీసుకుపోయారు. అద్దంలా నునుపు పట్టిన ఆ స్తంభాలు ఇప్పటికీ తిరువయ్యారులోని పంచనదీశ్వరుడి గుడిలో నిలబడి ఉన్నాయి. 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ను దోచినప్పుడు ఇటలీలోని వెనిస్‌వాళ్లు అక్కడి నాలుగు కంచు గుర్రాలను తెచ్చి తమ పెద్ద చర్చి ముఖద్వారం మీద నిలబెట్టుకున్నారు. వాటిని చూడటానికి లోకమంతా పోతుంది. మనవాళ్లు ఏటేటా పుష్య బహుళ పంచమికి త్యాగరాజస్వామి ఆరాధనకు తిరువయ్యారు పోతారు. పంచరత్నాలు పాడి వస్తారు. అదే ఊళ్లో, నడిచిపోయే దూరంలో, అనంతపురం సీమ శిల్పి చేతిలో నున్నబడిన రాళ్లున్నాయి. వాటిని ఒక్కసారి చేత్తో తాకి వచ్చినవాళ్లు ఎందరు?

విజయనగరం రోజుల్లో ఈ బంధం ఇంకా బిగిసింది. గోల్కొండ సైన్యం పెనుకొండను ముట్టడించినప్పుడు కోటను కాపాడిన జగదేవరాయలనే తెలుగు దొరకు బహుమానంగా దక్కింది ఈ ప్రాంతమే. కృష్ణగిరి దగ్గర జగదేవి అతని ఊరు. పన్నెండు కోటల సీమ కాబట్టి దీనికి బారామహల్ అని పేరు వచ్చిందంటారు. ఆయన వెంట ఎన్ని కుటుంబాలు దిగి వచ్చాయో ఎవరు చెప్పగలరు? హోటల్లో అవ్వ చెప్పిన ‘ఆ పక్కనించే వచ్చిరంట’ అన్న మాట వెనక ఇట్లాంటి వలసలే ఉండి ఉంటాయని నా నమ్మకం. తర్వాత కొంతకాలం కడప నవాబులు, ఆ పైన హైదర్ అలీ, టిప్పు. 1792 శ్రీరంగపట్నం ఒడంబడికతో బారామహల్ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది.

ఇక్కడ మన సీమ బతుకును మార్చిన అధ్యాయం మొదలవుతుంది. కొత్తగా వచ్చిన నేలను చక్కబెట్టడానికి కంపెనీ సైనికాధికారి అలెగ్జాండర్ రీడ్‌ను పంపారు. ఆయన కింద పనిచేసిన సహాయకుల్లో ఒకరు థామస్ మన్రో. 1792 నుంచి 1799 దాకా ఏడేళ్లు మన్రో ఈ పరగణాలో తిరిగాడు, ధర్మపురిలో ఇల్లు, తోట పెట్టుకున్నాడు. ఊరూరా గుడారం వేసి, పొలాలు కొలిపించి, కరణాలతో లెక్కలు రాయించి, జమీందారు నడుమ లేకుండా రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతి ఇక్కడే చేతికి అలవాటైంది. దానికి రైత్వారీ అని పేరు. 1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు సీమలను కంపెనీకి దత్తం చేస్తే, ఆ దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు ఈ మన్రోనే. ధర్మపురి చేలల్లో నేర్చుకున్న పాఠాన్ని మన చేలల్లో అమలు చేశాడు. ఎనభై మంది దాకా ఉన్న పాలెగాళ్లను అణిచాడు. శిస్తు బరువెక్కువైందని తానే గ్రహించి, 1807లో వెళ్లిపోతూ నాలుగోవంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. పాలెగాళ్ల వంశాల వైపు నుంచి చూస్తే ఆ అణచివేత కఠినమైనది, ఆ శిస్తు కూడా కరువు రైతుకు మోయలేని బరువే. అయినా మన పల్లెల్లో ఒకప్పుడు పిల్లలకు అతని పేరు పెట్టుకున్నారు. మంత్రాలయం రాఘవేంద్రస్వామి అతనికి దర్శనమిచ్చాడని ఇప్పటికీ కథ చెప్పుకుంటున్నారు. మద్రాసు గవర్నరయ్యాక 1827 జూలై 6న సీమ పర్యటనలో కలరా సోకి పత్తికొండలో చనిపోయాడు. ఎర్రగుడి అక్కడికి దగ్గరే. తగడూరు రాజుల పేరున్న బండ, ధర్మపురిలో తోట పెంచిన దొర ఆఖరి శ్వాస, రెండూ ఒక్క తాలూకాలోనే.

తాలూకా ఆఫీసు ముందు ఒక రైతుతో మాట కలిపాను. చేతిలో కాగితాల కట్ట. ‘పట్టా, చిట్టా, అడంగల్’ అని వేలితో లెక్కపెట్టి చూపించాడు. ఆ మాటలకు నాకు తర్జుమా అక్కర్లేకపోయింది. జమాబందీ ఎప్పుడో అడిగితే అదీ చెప్పాడు. ఇద్దరం ఒకే రెవెన్యూ భాషలో మాట్లాడుకున్నాం.

తర్వాతి కాలం త్వరగా చెప్పుకోవచ్చు. కరువు పనుల ఆలోచనతో 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి చిన్న రైలు వచ్చింది, 1941లో యుద్ధం రోజుల్లో ఆగిపోయింది. స్వాతంత్ర్యోద్యమంలో వ.ఉ. చిదంబరం పిళ్లైతో పాటు 1908లో జైలుకు పోయిన సుబ్రమణ్య శివ జైల్లోనే కుష్ఠు అంటించుకొని బయటికొచ్చారు. రైలెక్కనివ్వకపోతే కాలినడకన ఊళ్లు తిరిగి స్వరాజ్యం మాట చెప్పారు. భారతమాతకు గుడి కట్టాలన్నది ఆయన కల. దానికి 1923లో చిత్తరంజన్ దాస్ వచ్చి ధర్మపురి పక్కన పాప్పారపట్టిలో పునాదిరాయి వేశారు. రెండేళ్లకు, 1925 జూలై 23న, శివ ఆ ఊళ్లోనే కన్నుమూశారు. నలభై ఏళ్ల వయసు. 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడిపోయి ధర్మపురి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడింది. హోసూరు, ఆ చుట్టుపక్కల తెలుగు పల్లెలు ఆ వైపు పోయాయి. 2006లో బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ వచ్చిన చట్టం పదేళ్లలో పదో తరగతి దాకా చేరింది. తెలుగు బడుల పిల్లల పరీక్షల గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. తమిళనాట ఉన్న పిల్లలు తమిళం నేర్చుకోవాల్సిందే, అందులో అనుమానం లేదు. దానితో పాటు తల్లిభాష అక్షరాలు కూడా వాళ్లకు దక్కాలి. ఆ అవ్వ మనవలకు దక్కలేదు.

ఈ జిల్లా గురించి రాస్తూ వాచాత్తి పేరెత్తకపోతే తప్పు చేసినవాణ్ణి అవుతాను. 1992 జూన్ 20న గంధపు చెక్కల సోదా పేరుతో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ గిరిజన పల్లె మీద పడ్డారు. ఇళ్లు కూలగొట్టారు, పద్దెనిమిది మంది స్త్రీలపై అత్యాచారం చేశారు. 269 మంది ప్రభుత్వోద్యోగులపై కేసు నడిచింది. విచారణ సాగుతుండగా 54 మంది చనిపోయారు, బతికి ఉన్న 215 మందినీ 2011 సెప్టెంబరులో కోర్టు దోషులుగా తేల్చింది. 2023 సెప్టెంబరు 29న మద్రాసు హైకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది, బాధితులకు తలా పది లక్షలు ఇవ్వాలంది. ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది. అదే 2023లో, ఏప్రిల్‌లో, మన విశాఖ మన్యంలోని వాకపల్లి కేసులో పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు ఆరోపణ చేసిన పోలీసులందరినీ కోర్టు విడిచిపెట్టింది. వాచాత్తి స్త్రీలు ఒక్కరు కూడా మాట మార్చకుండా నిలబడ్డారు, వాళ్ల వెనక సంఘాలు నిలబడ్డాయి. వాకపల్లి వాళ్లూ పదహారేళ్లు నిలబడ్డారు. మనం వాళ్ల వెనక తగినంతగా నిలబడలేదని నాకు అనిపిస్తుంది. 2000 ఫిబ్రవరిలో ఈ ఊరి శివార్లలో రాజకీయ ఆగ్రహంతో బస్సు తగలబెడితే ముగ్గురు వ్యవసాయ విద్యార్థినులు కాలిపోయారు. 2012 నవంబరు 7న నాయకన్‌కొట్టాయ్ దగ్గర దళితుల ఇళ్లు తగలబెట్టారు, కారణం ఒక కులాంతర పెళ్లి. మన చిలకలూరిపేటలో తగలబెట్టిన బస్సు, మన పరువు హత్యలు గుర్తొచ్చి నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

చివరి రోజు హొగెనకల్ పోయాను. ధర్మపురి నుంచి బస్సులో రెండు గంటల లోపే. కావేరి బండల మీద విరుచుకుపడి నీటి పొగ లేస్తుంది. ‘పొగలు కక్కే రాయి’ అని కన్నడంలో ఆ పేరుకు అర్థం. అక్కడ గుండ్రని పరిసల్‌లో కూర్చోబెట్టి రాళ్ల నడుమ తిప్పుతారు. వెదురు అల్లి, అడుగున నీరు చొరకుండా కట్టిన ఆ పడవ మా తుంగభద్ర పుట్టికి తోబుట్టువే. తెడ్డు వేసే మనిషి ఒక చేత్తో ఒక్కసారి తిప్పితే పుట్టి గిరగిరా తిరిగింది. ఆకాశం, నల్ల బండలు, తెల్ల నీళ్లు కలిసిపోయాయి. ఇంత నీరు పక్కనే పారుతుంటే జిల్లా జనం తరాల పాటు ఫ్లోరైడు నీళ్లు తాగారు. రాతి నేల, లోతు బోర్లు, వంకరపోయిన కాళ్లు, పసుపు గారపట్టిన పళ్లు. ఇదంతా మన నల్గొండకు తెలిసిన బాధే. దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది కూడా 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి ‘నల్గొండ’ అనే పేరు. ధర్మపురికి జపాన్ అప్పుతో సుమారు 1,900 కోట్ల పథకం 2013లో పూర్తయి, హొగెనకల్ నీళ్లు ధర్మపురి, కృష్ణగిరి పల్లెలకు చేరాయి. ఊళ్లో ఒక వీధి కుళాయి దగ్గర ఒక తల్లి తన ఇద్దరు పిల్లలను చూపించి, పెద్దవాడి పళ్లు, చిన్నదాని పళ్లు పక్కపక్కన పెట్టి చూడమంది. పెద్దవాడివి గోధుమ మచ్చలు. చిన్నదానివి తెల్లగా మెరుస్తున్నాయి.

ఈసారి ఆ దారిన పోతే ఒక పూట ఆగండి. పోయేముందు, వీలైతే, హేమావతి గుడి చూడండి, ఎర్రగుడి బండ చూడండి. పిల్లలను వెంట తీసుకుపోండి. ధర్మపురి బస్టాండు నుంచి కోట గుడికి ఆటోలో పది నిమిషాలు.